హ్యాండ్ కెనాట్ ఇరేజ్: ఆమెను ముందు మరిచిపోయింది ఎవరు?

గట్టుమీద (హన్మకొండ), శనివారం రాత్రి 10:42

ముందే చెప్తున్నా, పోస్టు పొడుగ్గా ఉంటుంది. ఓపిక లేనివాళ్లు చివరి పేరా చదివి తిట్టొచ్చు.

ఇంగ్లండ్ ప్రోగ్ రాక్ (పొడుగాటి పాటలు, సోలోలతో నడిచే ఒక రకం రాక్) సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 'హ్యాండ్ కెనాట్ ఇరేజ్' ఆల్బమ్‌ను 2015లో తెచ్చాడు. అప్పట్లో నేను దీన్ని గత్రీ గోవన్ గిటార్ కోసమే విన్నాను. 'రిగ్రెట్ నంబర్ నైన్'లో ముందు ఆడమ్ హోల్జ్‌మన్ మూగ్ సింథసైజర్ సోలో, దాని వెనకే గోవన్ సోలో. ఆ ఐదు నిమిషాలే తిప్పి తిప్పి వినేవాణ్ని. మాటలు చెవిన పడ్డాయి కానీ మనసులోకి వెళ్లలేదు. మొన్న భద్రకాళి చెరువు గట్టు మీద పొద్దున నడుస్తూ ఆల్బమ్ మొత్తం, గంటకు పైగా, ఒక్క బిగిన విన్నా. 'పర్ఫెక్ట్ లైఫ్' వచ్చేసరికి నడక ఆగిపోయింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లండన్‌లో ఒక మహిళ తన ఫ్లాట్‌లో చనిపోయింది. 2003 డిసెంబర్ ప్రాంతంలో. దొరికింది 2006 జనవరిలో. రెండేళ్లు దాటింది. టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. వయసు 38. ముసలామె కాదు, మతి తప్పిన మనిషీ కాదు. స్నేహితులు ఉన్నారు, అక్కలు ఉన్నారు. అద్దెలో కొంత భాగం ప్రభుత్వ సాయం కింద నేరుగా జమవుతూ ఉండేది, మిగతాది పేరుకుపోయి పెద్ద బకాయి అయ్యాకే తలుపు తెరిచారు. ఆమె మీద 2011లో క్యారల్ మోర్లీ 'డ్రీమ్స్ ఆఫ్ ఎ లైఫ్' అనే డాక్యుమెంటరీ తీసింది. విల్సన్ ఆల్బమ్‌కు మొలక అక్కడే పడింది. అయితే ఆల్బమ్‌లో ఉన్నది ఆమె జీవితకథ కాదు. నగరానికి వచ్చి, ఒకరోజు కనబడకుండా పోయి, ఎవరూ గమనించని ఒక కల్పిత అమ్మాయి కథ.

ఇప్పుడు 'పర్ఫెక్ట్ లైఫ్'. ఇందులో సగం పాట కాదు, ఒక ఆడగొంతు మామూలుగా చెబుతూ పోతుంది. ఆమెకు పదమూడేళ్లప్పుడు ఆరు నెలల పాటు ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదు, పెంపకానికి వచ్చిన పిల్ల. మూడేళ్లు పెద్దది. (ఆల్బమ్‌లో ఇంకో పాటకు 'త్రీ ఇయర్స్ ఓల్డర్' అనే పేరు అందుకే.) ఇద్దరూ క్యాసెట్లు వింటారు, పుస్తకాలు పంచుకుంటారు, సాయంత్రం కాలువలో పడవలు చూడటానికి పోతారు. తర్వాత అమ్మానాన్నలు విడిపోతారు, అక్కను ఇంకో ఇంటికి పంపేస్తారు. నెల రోజులు చచ్చిపోవాలనిపించింది అంటుంది. ఆ తర్వాత మెల్లగా అక్క ముఖం, గొంతు, చివరికి పేరు కూడా గుర్తు లేకుండా పోయాయి అంటుంది.

పేరు కూడా!

అందరూ ఈ ఆల్బమ్‌ను "లోకం ఆమెను మరిచిపోయింది" అని చదువుతారు. నాకు ఇప్పుడు వేరేలా వినిపిస్తోంది. లోకం కంటే ముందు ఆమే ఒకరిని మరిచిపోయింది. ఆల్బమ్‌లో మొదటి మరుపు ఆమెది. తర్వాత జరిగింది అదే, కాకపోతే ఆమె ఇటువైపు ఉంది. ఏమంటారు?

రామగుండం నైట్‌షిఫ్ట్, శనివారం రాత్రి 11:20

పదమూడేళ్ల పిల్ల మీద కేసు పెడుతున్నవా అన్నా? అక్కను పంపించింది పెద్దవాళ్లు. అడ్రస్ ఇచ్చారో లేదో తెలియదు. మరిచిపోవడం ఆ పిల్లకు మందులాంటిది. లేకపోతే బతకదు.

కానీ ఒక మాట. నేను పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ 'ది వాల్' మనిషిని, అందరికీ తెలిసిందే. 1979 నాటి ఆ ఆల్బమ్‌లో ఒంటరితనానికి లెక్క ఉంది. తండ్రి యుద్ధంలో పోయాడు, ఒక ఇటుక. టీచర్ చిత్రహింస పెట్టాడు, ఇంకో ఇటుక. తల్లి ఊపిరాడనివ్వలేదు, మరొకటి. చివరికి గోడ. విన్నవాడికి తేలిగ్గా అర్థమవుతుంది, ఫలానా వాళ్ల వల్ల అని వేలు చూపించొచ్చు. విల్సన్ ఆల్బమ్‌లో ఇటుకలే లేవు. ఎవరూ ఆమెను కొట్టరు, తిట్టరు. అసలు గోడే లేదు, అయినా ఎవరూ లోపలికి రారు. నాకు ఇదే ఎక్కువ భయం. నువ్వేమో ఖాళీగా ఉన్న ఆ చోట ఆమెనే నేరస్తురాలిగా నిలబెడుతున్నావు.

ఊరికే, ఆదివారం ఉదయం 7:05

బాగుంది గానీ, ఇది వాళ్ల జబ్బు. తెల్లవాళ్ల నగరాల జబ్బు. మన దగ్గర రెండేళ్లు కాదు, రెండు పూటలు తలుపు తెరవకపోతే పక్కింటివాళ్లు బద్దలు కొడతారు. మా వాడకట్టులో పొద్దున ఏడింటికి వాకిట్లో ముగ్గు పడకపోతే "ఏమైంది, పాణం బాగ లేదా" అని కేకేస్తారు. ప్రోగ్ రాక్ వినండి, మంచిదే. మనది కాని దుఃఖాన్ని ఎందుకు అద్దెకు తెచ్చుకోవడం?

కాజీపేట లూప్‌లైన్, ఆదివారం ఉదయం 7:31

ఊరికే అన్నా, నువ్వు ఆదివారం పొద్దున ఏడింటికి ముగ్గులు చెక్ చేస్తున్నవంటే వదిన నిన్ను పాలకు పంపిందన్నమాట.

తంగేడు (హన్మకొండ), ఆదివారం మధ్యాహ్నం 1:15

ముగ్గు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. లేకపోతే ఈ థ్రెడ్‌లోకి వచ్చేదాన్ని కాదు, మీ గిటార్ సోలోల గొడవ నాకు పడదు.

ఊరికే గారూ, మీ వాడకట్టు సంగతి నిజమే. కానీ ముగ్గు వేసేవాళ్లు మిగిలిన వాడకట్టు అది. నేను ఉండేది నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. మెట్లు, వాకిళ్లు వాచ్‌మన్ భార్య ఊడుస్తుంది. ముగ్గు కూడా ఆమే వేస్తుంది, అందరి వాకిట్లోనూ. స్టిక్కర్ ముగ్గులు అంటించినవాళ్లు కూడా ఉన్నారు. అది మనిషి ఉన్నా పడుతుంది, లేకపోయినా పడుతుంది. కరెంటు బిల్లు ఫోన్‌లోంచి దానంతటదే పోతుంది. పాల ప్యాకెట్ యాప్‌లో. ఇదివరకు కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఒకటి ఉండేది, పది రోజులు సరుకులకు రాకపోతే సేటు అయినా అడిగేవాడు. డబ్బుల కోసమే కావచ్చు, అడిగేవాడు కదా. లండన్‌లో ఆమెకూ జరిగింది ఇదే. కట్టాల్సిన దాంట్లో కొంత కట్టుకుంటూ పోయినందువల్ల ఆమె బతికే ఉందని లెక్కలు చెప్పాయి.

ఇక గట్టుమీద గారికి. ఆ నిజమైన మహిళ చనిపోవడానికి ముందు కొంతకాలం గృహహింస బాధితుల ఆశ్రయంలో ఉందన్న సంగతి మీరు రాయలేదు. ఆమె చుట్టాలకు, స్నేహితులకు దూరం కావడం వెనక అది ఉందంటారు. "తనే తెంచుకుంది" అన్న అర్థం వచ్చే మాటను ఆడవాళ్ల విషయంలో కొంచెం చూసి వాడండి. భయం వల్ల, సిగ్గు వల్ల ముఖం చాటేసిన మనిషిని బయటి నుంచి చూస్తే తనే తెంచుకున్నట్టు ఉంటుంది.

గట్టుమీద, ఆదివారం మధ్యాహ్నం 2:40

తంగేడు గారూ, తప్పు నాదే. ఆశ్రయం సంగతి తెలుసు, రాయాల్సింది. నేరం అన్న అర్థంలో అనలేదు కానీ నా వాక్యం అలాగే ఉంది.

ఇంకోలా చెప్తా. ఆమెది తప్పని కాదు. మరిచిపోవడం ఎంత సులువో ఆమెకు ముందే తెలుసు అంటున్నా. అంత ప్రేమించిన అక్క పేరే తనకు గుర్తు లేదు. అలాంటప్పుడు తనను మాత్రం ఎవరు గుర్తుపెట్టుకుంటారన్న ధీమా ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ వచనం అయిపోయాక మాకు అంతా సవ్యంగా ఉంది, లోటు లేదు అన్న అర్థం వచ్చే ఒకే మాట పాట చివరి దాకా తిరుగుతూ ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు సంతోషం అనుకున్నా. ఇప్పుడు వింటే తనకు తాను నచ్చజెప్పుకుంటున్నట్టు ఉంది.

నిర్వాహకుడు, ఆదివారం సాయంత్రం 5:00

ఒకరు పాటల సాహిత్యం మొత్తం అతికించారు, తీసేశాను. అర్థం మీ మాటల్లో చెప్పండి చాలు. తెంచుకోవడం గురించి గొడవ మర్యాదగా నడుస్తోంది, అలాగే నడవనివ్వండి.

రామగుండం నైట్‌షిఫ్ట్, ఆదివారం రాత్రి 9:50

షిఫ్టుకు పోయే ముందు ఒకటి. గట్టుమీద అన్న అన్నదానికి నాకు తెలిసిన సాక్ష్యం ఒకటి ఉంది, నాకు ఇష్టం లేకపోయినా చెప్తా.

1975, జూన్ 5. పింక్ ఫ్లాయిడ్ వాళ్లు లండన్‌లో ఆబీ రోడ్ స్టూడియోలో 'విష్ యు వర్ హియర్' పని మీద ఉన్నారు. 1968లో బ్యాండ్‌కు దూరమైన సిడ్ బారెట్‌ను తలుచుకుంటూ రాసిన పాట అందులో అన్నిటికంటే పెద్దది. ఆ రోజు స్టూడియోలోకి లావుగా, గుండుతో, కనుబొమలు కూడా గొరిగేసుకున్న ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఎవరో అనుకున్నారు. కాసేపటికి గానీ తెలియలేదు, అతనే సిడ్ అని. ఎవరి కోసం పాడుతున్నారో ఆ మనిషే ఎదురుగా వస్తే పోల్చుకోలేకపోయారు. ఏడేళ్లలో.

కాబట్టి మరిచిపోవడానికి ప్రేమ లేకపోవడం కారణం కాదు. ఆ మాట ఒప్పుకుంటున్నా. పదమూడేళ్ల పిల్ల మీద కేసు మాత్రం కొట్టేయాలి.

కాజీపేట లూప్‌లైన్, ఆదివారం రాత్రి 11:12

కొట్టేశారు. తదుపరి విచారణ 'రొటీన్' మీద.

ఆ పాట నాకు ఈ కథలో ఎక్కడ అతుకుతుందో ఇప్పటికీ తెలియదు. భర్త, పిల్లలు పోయిన ఒక తల్లి. పొద్దున లేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, బట్టలు ఉతుకుతుంది, లేని పిల్లల కోసం అన్నీ చేస్తూ పోతుంది. మన కథలో అమ్మాయికి పిల్లలే లేరు కదా? మరి ఈమె ఎవరు?

తంగేడు, సోమవారం ఉదయం 6:20

ఎవరైతే ఏంటి. నాకు ఆల్బమ్ మొత్తంలో నిజంగా నమ్మకం కలిగిన పాట అదొక్కటే.

నేను దాన్ని ఎలా వింటానంటే, కిటికీలోంచి ఎదుటి ఇంటి ఆమెను చూసి అమ్మాయి అల్లుకున్న కథలాగా. ఒంటరిగా ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల ఇళ్ల గురించి చాలా అల్లుతారు. అలా చూస్తే అది పరాయి పాట కాదు, అమ్మాయి తన భయాన్ని ఇంకొకరి వంటింట్లో పెట్టి చూసుకోవడం. ఇది నా ఊహ మాత్రమే, విల్సన్ అలా అన్నాడని కాదు.

ఇంకోటి. ఆడమనిషి దుఃఖాన్ని మగవాడు రాస్తే నాకు ముందే అనుమానం. ఇక్కడ నన్ను ఒప్పించింది నినెట్ తయెబ్ గొంతు. అంతసేపూ అణుచుకుని అణుచుకుని ఒక్కసారి అరుస్తుంది. ఆ అరుపు రాతలో లేదు, ఆమె గొంతులోదే. జెస్ కోప్ బొమ్మలతో చేసిన వీడియో కూడా చూడండి, పొద్దునపూట మాత్రం చూడొద్దు. నేను చూసి ఆఫీసుకు లేట్ అయ్యాను.

మాలో గిన్నెలు కడగడం పనే కాదు, మనసు ఎటూ పోకుండా కట్టేసుకునే తాడు. మా నాయనమ్మ తాతయ్య పోయిన మూడో రోజే పెరట్లో బూడిదతో తపేలాలు తోముతూ కూర్చుంది. ఎవరు వద్దన్నా లేవలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఈమెకు బాధే లేదా అని. ఆ పాట విన్నాక కోపం పోయింది, ఆలస్యంగానే అయినా.

ఊరికే, సోమవారం ఉదయం 8:45

సరే, అద్దె దుఃఖం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పొద్దున పొద్దున్నే నాయనమ్మను తెస్తే ఏం మాట్లాడతాం.

కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. మన పాటల్లో ఇలాంటి ఒంటరితనం ఉందా? నాకైతే గుర్తు రావడం లేదు. మనకు విరహం ఉంది, వైరాగ్యం ఉంది. ఈ "ఎవరికీ గుర్తు లేకుండా పోవడం" లేదు.

తంగేడు, సోమవారం మధ్యాహ్నం 1:30

ఉంది. బతుకమ్మ పాటల్లో ఉంది.

అత్తగారింట్లో పిల్ల, పండక్కి అన్న వస్తాడని ఎదురుచూస్తుంది. అన్న వస్తాడు. పుట్టింటికి పంపమని అత్తను అడిగితే మామను అడగమంటుంది, మామ బావను అడగమంటాడు, అలా ఇల్లంతా తిప్పుతారు. పాట నిండా అందరూ ఉంటారు, ఆమె మాత్రం ఒంటరి. ఆమెను లెక్కలో పెట్టుకుని అంతదూరం వచ్చినవాడు అన్న ఒక్కడే.

ఇప్పుడు విల్సన్ ఆల్బమ్‌లో 'హ్యాపీ రిటర్న్స్' వినండి. అది ఆ అమ్మాయి అన్నకో తమ్ముడికో రాస్తున్న ఉత్తరం. (ఇంగ్లిష్‌లో తేల్చడానికి లేదు. నాకు మాత్రం అన్నే.) చాన్నాళ్లయింది, నేను చచ్చిపోయాననుకున్నావేమో అన్నట్టు మొదలవుతుంది. తీరిక లేకపోయింది అని చెప్పాలని ఉంది కానీ అది అబద్ధం అంటుంది. పిల్లలకు నేను గుర్తున్నానా అని అడుగుతుంది. వాళ్లకు కానుకలు కొని పెట్టానంటుంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రోగ్ రాక్ గుర్తు రాలేదు. సద్దుల రోజు పద్మాక్షి గుట్ట దగ్గర మా అమ్మ పాడేది గుర్తొచ్చింది. తేడా ఒకటే, అక్కడ అన్న వస్తాడు. ఇక్కడ ఆమె రాసే ఉత్తరం దగ్గరే ఆగిపోయింది. ఇంకో తేడా కూడా ఉంది. బతుకమ్మ చుట్టూ ఒకరు పాట ఎత్తుకుంటే పదిమంది ఉయ్యాలో అని అందుకుంటారు. ఎంత ఏడుపు పాటైనా సరే, ఒక్కతే పాడుకోదు. విల్సన్ ఆల్బమ్‌లో కోరస్ ఉంది, అందుకునే మనుషులు లేరు.

రామగుండం నైట్‌షిఫ్ట్, సోమవారం మధ్యాహ్నం 3:05

అక్కా, దండం.

కాజీపేట లూప్‌లైన్, సోమవారం రాత్రి 8:18

నేను ఇప్పటిదాకా జోకులే వేశాను, ఇప్పుడు ఒకటి సీరియస్‌గా.

ఆ ఉత్తరంలోనే ఏళ్లను రైళ్లతో పోలుస్తుంది. తను చెయ్యి ఊపుతుంది, అవి మెల్లగా కూడా పోవు. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినోణ్ని. కాజీపేటలో దాదాపు అన్నీ ఆగుతాయి, అందుకని మాకు ఆ బాధ తెలియదు. మా మేనత్త వాళ్ల ఊరికి పోతే మాత్రం అక్కడ ప్యాసింజర్ తప్ప ఏదీ ఆగేది కాదు. సాయంత్రం పిల్లలమంతా ప్లాట్‌ఫారం చివర నిలబడి ఎక్స్‌ప్రెస్‌లకు చెయ్యి ఊపేవాళ్లం. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు తిరిగి ఊపేవాళ్లు. దానికే పొంగిపోయి "నాకే ఊపింది" అని కొట్లాడుకునేవాళ్లం.

మా అత్త ఆ గోల వింటూ గేటు దగ్గర నిలబడేది. ఆమె ఎన్నడూ చెయ్యి ఊపలేదు. పిల్లలు లేరు ఆమెకు. మేం సెలవులయ్యాక తిరుగు ప్యాసింజర్ ఎక్కితే అది కనుమరుగయ్యేదాకా నిలబడేది. నాకు అప్పుడు పదేళ్లు, కిటికీ సీటు మీద తప్ప దేనిమీదా ధ్యాస లేదు. ఆమె చెయ్యి ఊపిందో లేదో కూడా తెలియదు, నేను వెనక్కి చూడలేదు.

గట్టుమీద అన్న చెప్పింది ఇదే అనుకుంటా. నేరం కాదు. వెనక్కి చూడలేదు, అంతే.

గట్టుమీద, సోమవారం రాత్రి 9:02

నేను చెప్పిందానికంటే నువ్వే బాగా చెప్పావు తమ్మీ.

ఆల్బమ్ పేరు గురించి కూడా ఒక మాట. చేత్తో చెరపలేనిది అనగానే మనకు తలరాత అనిపిస్తుంది, రాసినవాడు తప్ప ఎవరూ చెరపలేరని. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నా. కానీ ఆ పేరుతో ఉన్న పాట వింటే అది తలరాత కాదు, ప్రేమ. ఎంత దూరమైనా, ఎంత కష్టమైనా చెయ్యి చెరపలేని ప్రేమ అంటాడు. ట్యూన్ కూడా రేడియోలో వేసుకునేంత హుషారుగా ఉంటుంది. దాని వెంటనే 'పర్ఫెక్ట్ లైఫ్' పెట్టాడు. ముందు పాటలో చెరగదు అన్నదాన్ని తర్వాతి పాటలోనే చెరిపేశాడు. వరుస కావాలనే అలా పెట్టాడని నా నమ్మకం.

మెట్‌పల్లి క్యాసెట్, మంగళవారం రాత్రి 12:34

ఈ ఫోరంలో నాలుగేళ్లుగా చదవడమే గానీ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

మా నాయన దుబాయిలో ఉండేవాడు. మా ఊళ్లో ప్రతి రెండో ఇంట్లో ఎవరో ఒకరు గల్ఫ్‌లోనే. అప్పట్లో ఫోన్ అంటే బూత్‌కు పోయి వరుసలో నిలబడాలి. మా అమ్మకు చదువు రాదు, నాయనకు ఉత్తరం రాయడం బద్ధకం. అందుకే క్యాసెట్ మీద మాటలు రికార్డు చేసి ఊరికొచ్చే ఎవరితోనన్నా పంపేవాడు. అరగంట ఒక వైపు, అరగంట ఇంకో వైపు. ఎండ సంగతి, రూములో ఎంతమంది ఉన్నారన్నది, ఎవరు ఏం వండారన్నది. మధ్యమధ్యలో నా పేరు పిలిచి బడికి పోతున్నవా బిడ్డా అనేవాడు. జవాబు కోసం ఆగినట్టు కొంచెంసేపు ఊరుకునేవాడు కూడా. మేం టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఆ సందులో పోతున్నా నాయనా అనేవాళ్లం.

నాకు పదహారేళ్లు వచ్చేసరికి పాటల పిచ్చి. ఖాళీ క్యాసెట్ కొనడానికి పైసలు ఉండేవి కావు. క్యాసెట్ పైన చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటది కదా, అది విరగ్గొడితే దానిమీద మళ్లీ రికార్డు కాదు. నాయన జాగ్రత్తగా అన్నిటికీ విరగ్గొట్టి పంపేవాడు. ఆ బొక్క మీద టేపు ముక్క అంటిస్తే మళ్లీ రికార్డు అవుతుందని ఒక దోస్తు చెప్పాడు. అంటించిన. ఒకటి కాదు, దాదాపు అన్నీ. నాయన ఎట్లాగూ ఇంకోటి పంపుతాడు కదా అనుకున్నా.

ఆయన పోయి పదకొండేళ్లు. ఇక్కడికి వచ్చాకే పోయాడు, అది వేరే కథ. గొంతు గుర్తుందని అనుకుంటా. కానీ గుర్తున్నది నిజంగా ఆయన గొంతేనా, నా మనసు చేసుకున్నదా అన్నది తేల్చుకునే దారి లేదు.

చెయ్యి చెరపలేదు అని విల్సన్ అన్నాడు. నా చెయ్యి చెరిపింది. రికార్డు బటను, ప్లే బటను రెండూ కలిపి నొక్కాలి. ఏ వేళ్లతో నొక్కానో కూడా యాదికి ఉంది.

తంగేడు, మంగళవారం ఉదయం 6:02

పొద్దున్నే చదివాను. ఏం రాయాలో తెలియలేదు. చదివానని చెప్పడానికే రాస్తున్నా.

ఊరికే, మంగళవారం ఉదయం 7:40

నేను కూడా చదివాను తమ్మీ.

రామగుండం నైట్‌షిఫ్ట్, మంగళవారం ఉదయం 9:15

రాత్రి షిఫ్టు మధ్యలో చదివిన. ఇంటికొచ్చి 'హ్యాపీ రిటర్న్స్' పెట్టుకున్నా. ఆ ఉత్తరం చివర ఆమె నిద్ర వస్తోంది, మిగతాది రేపు పూర్తి చేస్తా అంటుంది. ఇంతకాలం అది చావు అనే అనుకున్నా, చాలామంది అలాగే వింటారు. కథ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక అలా వినకుండా ఉండటం కష్టం. లండన్‌లో ఆమె చుట్టూ కూడా క్రిస్మస్ కోసం చుట్టిన కానుకలు ఉన్నాయి.

ఇవాళ మాత్రం అట్ల వినబుద్ధి కాలేదు. నిద్ర వచ్చింది అంతే, పొద్దున లేచి రాస్తుంది అనుకున్నా. తర్వాత వచ్చే 'అసెండెంట్ హియర్ ఆన్'లో మాటల్లేవు, రెండు నిమిషాలు కూడా ఉండదు, పిల్లల కోరస్ గొంతులు లేస్తాయి. చావు అనుకుంటే అది స్వర్గం. నిద్ర అనుకుంటే పక్కన బడిలో ప్రార్థన. రెండూ కుదురుతాయి.

గట్టుమీద, మంగళవారం రాత్రి 8:55

నిద్ర అనే నేనూ ఓటు వేస్తున్నా, సాక్ష్యం లేకపోయినా.

మెట్‌పల్లి తమ్మీ, ఒకటి అడగొచ్చా? దాదాపు అన్నీ అన్నావు. అంటే కొన్ని మిగిలాయా?

మెట్‌పల్లి క్యాసెట్, మంగళవారం రాత్రి 11:48

మిగలలేదన్నా. కానీ ఒకదాంట్లో చివరి ముక్క ఉండాలి. బి సైడ్‌లో పాట అయిపోయాక టేపు ఇంకా కొంచెం ఉండె, నేను బటను ఆపేసిన. అక్కడి నుంచి నాయన మాట వచ్చేది, అప్పట్లో ఒకటి రెండు సార్లు విన్నా. అర నిమిషం కూడా ఉండదేమో. టేపు అయిపోతున్నది, ఇక ఉంటా, మిగిలిన ముచ్చట్లు వచ్చే క్యాసెట్‌లో అంటాడు.

క్యాసెట్ ఇంట్లోనే ఉంది, అమ్మ బీరువాలో. టేప్‌రికార్డర్ కూడా ఉంది గానీ పన్నెండేళ్లుగా తీయలేదు. పెడితే నమిలేస్తదేమో అని భయం.

కాజీపేట లూప్‌లైన్, బుధవారం రాత్రి 12:10

పెట్టకు! అసలు పెట్టకు. లోపల రబ్బరు బెల్టు ఈపాటికి కరిగి జిగురు అయిపోయి ఉంటది, రోలర్‌కు అంటుకుంటే టేపును లాగేస్తది. మా నాయన రిటైరయ్యాక రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తూ కూర్చుంటాడు, బెల్టులు, హెడ్ తుడిచే స్పిరిట్ అన్నీ ఉన్నాయి. బాగున్న డెక్ ఒకటి మా ఇంట్లోనే ఉంది, ముందు వేరే పాత క్యాసెట్లు వేసి చూసుకున్నాకే నీది పెడదాం. ప్లే చేస్తూనే ఫోన్‌లోకి కాకుండా వైరు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కిద్దాం.

క్యాసెట్‌ను బీరువాలోంచి తీసి ఎండ తగలని చోట పెట్టు. పక్కన స్పీకర్ గానీ అయస్కాంతం గానీ ఉండొద్దు. టేపు లూజుగా ఉంటే పెన్సిల్ పెట్టి చేత్తో మెల్లగా బిగించు, మెషీన్‌లో తిప్పకు. బి సైడ్ మీద అంటించిన టేపు ముక్క ఇంకా ఉంటే ముందు అది పీకెయ్.

ఆదివారం వస్తావా? మెట్‌పల్లి నుంచి వరంగల్ బస్సు ఎక్కి హన్మకొండలో దిగితే నేనే వచ్చి తీసుకుపోతా.

మెట్‌పల్లి క్యాసెట్, బుధవారం రాత్రి 12:26

వస్తా. అమ్మను కూడా తీసుకొస్తా.